గోటితో ఒలిచిన వడ్లు

మొన్న డిగ్రీ చదివే మా మనవరాలు ఫోన్ చేసి, ఆధునిక సమాజంలో మతం క్షీణిస్తోందా అనే ప్రశ్న పరీక్షకు వస్తుందట, ఏం రాయాలో చెప్పమంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ కాలేజీలో సోషియాలజీ పాఠంగా నేను చెప్పిందే అది. ఫ్యాక్టరీలూ చదువులూ పట్నాలూ పెరిగేకొద్దీ దేవుడి పట్టు సడలుతుందని కొందరన్నారనీ, సడలదు, ఎవరి నమ్మకం వాళ్ల ఇంటి లోపలికి వెళ్లిపోతుందని కొందరన్నారనీ, కాదు, వేషం మార్చుకొని మళ్లీ వీధిలోకే వస్తుందని ఇంకొందరన్నారనీ బోర్డు మీద గీతలు గీసి మరీ చెప్పేదాన్ని. ఈసారి మాత్రం పొయ్యి మీద పాలున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇల్లందు బొగ్గుబావుల దగ్గర కార్మికుల క్వార్టర్లు ఎంత ఇరుగ్గా ఉండేవో. ఈ ఇంట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్మేవాళ్లు. మా అమ్మది మధిర వైపు. భద్రాద్రి రాములవారి కల్యాణానికి తలంబ్రాల బియ్యం రోకటితో దంచకుండా, వడ్లను ఒక్కొక్క గింజగా గోటితో ఒలిచి పంపడం ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆనవాయితీ. గింజ మొన విరిగిందా, అది తలంబ్రాలకు పనికిరాదు, పక్కన పెట్టాల్సిందే. మాఘం రాగానే ఆడవాళ్లు గోళ్లు తీయడం మానేసి మా అరుగు మీద చేరేవారు. ఒలిచేటప్పుడు రామనామం తప్ప వేరే మాట రాకూడదని నియమం, కానీ రాముడి పేరు ఎంత వినపడేదో అత్తగార్ల పేర్లూ అంతకు తక్కువేమీ వినపడేవి కావు.

వాళ్లందరిలోకి చేయి తిరిగినది, నేను చిన్నమ్మా అని పిలిచే పక్క క్వార్టరావిడ. నాన్నతో పాటు బావిలోకి దిగే ఆమె భర్త, పైకప్పు కూలి లోపల చిక్కుకున్న రోజున మా అమ్మ ఆయన పేరు మీద కూడా రాములవారికి మొక్కింది. ఆయన కుంటుకుంటూనైనా బయటికొచ్చాడు. ఆ ఏటి నుంచి చిన్నమ్మ మధ్యాహ్నం నమాజు ముగించుకొని, చేతులు కడుక్కొని, కొంగు తలమీదికి లాక్కొని మా అరుగు మీదికి వచ్చి కూర్చునేది. ఆమె ఒలిచిన గింజ విరగడం నేను చూడలేదు. నీ దేవుడెవరని ఆమెను ఎవరూ అడగలేదు. అందరివీ పెద్ద మనసులై కాదు, అది అడగాల్సిన సంగతని ఎవరికీ తోచలేదంతే.

తర్వాత బావులు మూతపడ్డాయి, క్వార్టర్లు నేలమట్టమయ్యాయి, అమ్మ పోయింది, ఆమెతో పాటే ఆ ఆనవాయితీ కూడా. మతం క్షీణించడమంటే ఇదేనని క్లాసులో మా అరుగునే ఉదాహరణగా చెప్పి, నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని. క్షీణించిందో లేదో ఇప్పుడు మైకుసెట్లు అద్దెకిచ్చేవాణ్ని అడగండి, నాకన్నా బాగా చెబుతాడు. ఖమ్మంలో మా వీధి ఆడవాళ్లు కమిటీ కట్టి, ఫంక్షన్ హాలు తీసుకొని, ఒకే రంగు చీరలు కట్టుకొని, ఫోటోలు తీయించుకుంటూ గోటి తలంబ్రాలు ఒలుస్తున్నారు.

ఇదే ఊళ్లో కొడుకు దగ్గరుంటున్న చిన్నమ్మకు ఆ కబురు చేరవేసింది నేనే. మా అమ్మ పేరు మీద ఒక్క గుప్పెడు ఒలుస్తానంది. చూపు ఆనదు గానీ వేళ్లకు పని గుర్తుంది కదా అని ఈ ఏడు వెంటబెట్టుకొని వెళ్లాను. గుప్పెడు నిండబోతుండగా, మైకులో చదవడానికి పేరూ గోత్రమూ రాసుకుంటూ కమిటీ అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. చిన్నమ్మ తన అసలు పేరు చెప్పింది. ఆ అమ్మాయి కోప్పడలేదు, కసరలేదు. పెద్దావిడ, కింద ఎందుకని మర్యాదగా లేపి కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె గుప్పిట్లోని బియ్యం తీసుకొని ఊకబుట్టలో పోసింది. తలంబ్రాలు పోసే స్టీలు పళ్లెంలో పడితే రావలసిన చప్పుడు రాకపోయేసరికి, తన గుప్పెడు పక్కన పెట్టేశారని చిన్నమ్మకు తెలిసిపోయింది. నేను నిలదీయబోతే చేయి పట్టుకొని ఆపింది.

"ఇరిగినట్టున్నయి బిడ్డా. కండ్లు ఆనుతలేవు. ఆ పిల్లనేమనకు, దేవునికాడికి పొయ్యే బియ్యమాయె."

ఆటోలో ఇంటిదాకా తన వేళ్లనే తిట్టుకుంటూ వచ్చింది. ఆమె పక్కన కూర్చొని నేను కుతకుత ఉడికిపోయాను. గింజలు విరగలేదు, నేను చూశాను. ఆ మాట చెబితే, మా అరుగు మీద గడిపిన ఆ ఏళ్లను కూడా ఆమె చేతిలోంచి నేనే లాక్కున్నట్టవుతుందని నోరు మూసుకున్నాను.

నిన్న ఆమె కోడలు ఫోన్ చేసింది. "వదినా, మా ఇంట్ల గూడ గా పని ఎందుకని అంటనే ఉన్నరు, ఇంటలేదు. వడ్లు తెప్పిచ్చుకున్నది. పొద్దుందాక ఒలుసుడే. మళ్లేటికి చెయ్యి కుదురుతదంట."

కుదురుతుంది, నాకా సందేహం లేదు. మళ్లీ మాఘం వస్తుంది, ఒక్క గింజా విరగదు, నన్ను తీసుకెళ్లమంటుంది. అప్పుడు ఆమెను ఏ మాట చెప్పి ఆపాలో ఇప్పటి నుంచే వెతుక్కుంటున్నాను. మా అమ్మ బడి ముఖం చూడలేదు గానీ, పక్కింటి మనిషికి చెప్పడానికి ఇలాంటి మాట వెతుక్కోవలసిన రోజు ఆమెకు ఎన్నడూ రాలేదు.