కంపెనీ ఉత్తరం, బాలవ్వ నిమ్మకాయ

తన వాదన నెగ్గించుకోవడానికి మనిషి ఎంత దూరం వెళ్తాడని ఎవరైనా అడిగితే నా దగ్గర కచ్చితమైన జవాబుంది. షోలాపూర్ నుంచి బార్షీ వెళ్లే దారిలో, వైరాగ్ దాటాక నాలుగు కిలోమీటర్ల దాకా వెళ్తాడు. అక్కడ జొన్నచేల మధ్య అతని కారు ఆగిపోతుంది. వెనక సీట్లో ఒక ఆడపిల్ల ఏడుపు ఆపుకుంటూ కూర్చుంటుంది. పక్కన ఆమె తల్లి ఉంటుంది. చెప్పి చెప్పి అలసిపోయిన సంగతే ఇది. అయినా మా పేటలో వాళ్లు చెప్పేదానికన్నా నేను చెబితే నా పరువు పిసరంతైనా మిగులుతుందని ఆశ.

అప్పట్లో నేను షోలాపూర్‌లో, తెలుగు నేతవాళ్లుండే భవానీ పేట్‌లో, తెలుగు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. పగలు పిల్లలకు ఓమ్ నియమం, శనివారం సాయంత్రం పెద్దలకు మూఢనమ్మకాల ఖండన. చుట్టూ నాలుగు వైపులా పవర్‌లూమ్ సాంచాలు టకటకలాడుతుంటే వాటిని మించి అరవాలి కనుక, నా హేతువాదం మొదటి నుంచీ కొంచెం గట్టి గొంతుతోనే ఉండేది. దిష్టి, శకునం, అమావాస్య, గుమ్మానికి వేలాడే నిమ్మకాయ, మిరపకాయలు, బొగ్గుముక్క: వీటిని నేను తిట్టినంతగా వాటి మీద వాలిన ఈగలు కూడా పీడించి ఉండవు.

అలాంటి నాకు మా బావ కారిచ్చాడు. సాంచాల యజమాని. కొని రెండేళ్లు కాని కారును "నీకు పనికొస్తది, తీసుకపో" అని అంత ప్రేమగా ఎందుకిచ్చాడో నాకు వారం తర్వాత అర్థమైంది. డాష్‌బోర్డు అరలో కంపెనీ వాళ్ల ఉత్తరం ఒకటుంది. ఫలానా నంబర్ల కార్లలో ఇంజను దగ్గరి వైర్ల కట్టలో లోపం ఉన్నట్టు తేలిందనీ, దాన్ని ఉచితంగా మార్చి ఇస్తామనీ, విడిభాగాలు రాగానే కబురు చేస్తామనీ, అసౌకర్యానికి చింతిస్తున్నామనీ దాని సారాంశం. కింద పెద్ద సంతకం, గుండ్రటి ముద్ర.

ఆ లోపం ఎలా ఉండేదో చెప్పాలి. కుడివైపు తిరగడానికి ఇండికేటరు వేస్తే వైపరు లేచి అద్దం తుడిచేది. ఎండాకాలం మధ్యాహ్నం చౌరస్తాలో పోలీసు నన్ను ముందుకు రమ్మని చెయ్యి ఊపుతుంటే, నా వైపరు రానురానని అడ్డంగా తల ఊపేది. బ్రేకు వేస్తే హారన్ మోగేది. హారన్ నొక్కితే మటుకు కారు మౌనవ్రతం పట్టేది. అయినా నేను చలించలేదు. ఇది దయ్యం కాదు, వైరింగ్. లోపాన్ని కంపెనీయే రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఒప్పుకున్నవాడు సరిచేస్తాడు. ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి అరలో భద్రంగా దాచి, నెలకోసారి తీసి చదువుకునేవాణ్ణి. చదివాక మనసు కుదుటపడేది. ఈ లక్షణాలు వేరే ఎవరిలో కనిపించినా దానికి నేనేం పేరు పెట్టేవాణ్ణో మీకు తెలుసు.

సర్వీసు స్టేషన్ సూపర్‌వైజరు అంబాదాస్ మనవాడే, మా పేటవాడే.

"పార్టు రాలే మాస్తరూ. ఉద్యా యా."

"రేపు రమ్మని నువ్వు పదిహేను నెలలుగా అంటున్నావు అంబాదాస్."

"ఉద్యా అంటే రేపు గాదు మాస్తరూ. గది మరాఠీల ఒక మర్యాద మాట. పార్టు పుణే నుంచి రావాలె. పుణే వాండ్లకు ఫ్యాక్టరీ నుంచి రావాలె. ఫ్యాక్టరీ వాండ్లకు ఏడికెళ్లి వస్తదో దేవునికెరుక."

"దేవుణ్ణి మధ్యలోకి లాగకు. అసలు ఇంత ఆధునికమైన వర్క్‌షాపులో ఆ గేటుకు నిమ్మకాయలేమిటి? సిగ్గుగా లేదూ?"

అంబాదాస్ నూనె గుడ్డతో నింపాదిగా చేతులు తుడుచుకున్నాడు. "పార్టు మా చేతిల లేదు మాస్తరూ. నిమ్మకాయ మా చేతిల ఉన్నది."

నేను ఆ మాటను శనివారం చర్చలో గంటసేపు చీల్చి చెండాడాను. అంబాదాస్ రాలేదు. అతనికి పనుంది.

ఇక బాలవ్వ. మా గల్లీ చివర ఉండేది. పగలంతా చేట ముందేసుకుని బీడీలు చుట్టేది. ఎవరి సాంచెకైనా కొత్త పడుగు ఎక్కితే, దాని పోగులను పాత కొసలకు ఒక్కొక్కటీ మెలిపెట్టి అతికే పనికి పిలుపొచ్చేది. వేల పోగులు. వేలికి చిటికెడు బూడిద రాసుకుని మొదలెడితే కళ్లు మూసుకుని అతికేదంటారు. ఆమె కూతురు సునీత నా దగ్గర చదివిన పిల్ల. నర్సు శిక్షణకు అప్లికేషన్ నేనే రాయించాను. బార్షీ ఆసుపత్రిలో ఇంటర్వ్యూ, పొద్దున పదకొండింటికి. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరని కార్డులోనే రాసుంది. మరుసటేటికి పిల్లకు వయసు దాటిపోతుంది. ఇది పోతే తల్లి పక్కన ఇంకో చేట పడుతుంది. అంతే సంగతి.

ఆ తేదీ అమావాస్య.

"అమాస నాడు కొత్త పడుగే ఎక్కియ్యరు మాస్తరూ, పిల్లను ఊరు దాటిస్తమా?" అంది బాలవ్వ.

నేను మూడు సాయంత్రాలు వాదించాను. చంద్రుడి కక్ష్య నేల మీద గీసి చూపించాను. నాలుగో రోజు ఆమె దిగివచ్చింది. "సరే తియ్యి. పొద్దుగాల ఆరున్నర సర్కారు ఎస్టీ బస్సుల పోతం. నేను గూడ పోత."

పాఠకులారా, హేతువాదం అక్కడ పూర్తిగా గెలిచింది. పిల్ల వెళ్తోంది, బస్సుంది, సమయముంది. ఇంగితం ఉన్నవాడు దండం పెట్టి ఇంటికి పోయేవాడు. నేను మాత్రం, "చూశావా, ఎలా ఒప్పుకున్నావో!" అన్నాను.

"బస్సయితె భయం లేదు మాస్తరూ. డ్రైవరు ముంగట నిమ్మకాయ కట్టి ఉంటది."

నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. మూడు సాయంత్రాలు నేను గీసిన చంద్రుడు ఏమైనట్టు? "అంటే బస్సును నడిపేది నిమ్మకాయా? ఆ బస్సు వద్దు. నా కారులో తీసుకెళ్తాను. అమావాస్య నాడే, నిమ్మకాయ లేకుండానే. అందరూ చూస్తుండగా!"

"మాస్తరూ," సునీత మెల్లగా అంది, "బస్సు మంచిగనే పోతది కద. మీ గాడీ..."

"నా గాడీకేం? కంపెనీ ఉత్తరముంది."

అమావాస్య నాడు ఏడింటికి గల్లీ అంతా గుమిగూడింది. నేను కారు ముందు నిలబడి చిన్న ఉపన్యాసమిచ్చాను. చిన్నది అంటే ఇరవై నిమిషాలు. ఆ తర్వాత బయల్దేరాం. సునీత వెనక సీట్లో సర్టిఫికెట్ల సంచిని గుండెకు హత్తుకుని కూర్చుంది. పక్కన బాలవ్వ. కిటికీలోంచి చెయ్యి ఊపుదామనుకున్నాను కానీ, ఆ పని వైపరు ముందే మొదలుపెట్టింది.

వైరాగ్ దాటాక రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఇంజను రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

అప్పుడు తొమ్మిదిన్నర. తాళం తిప్పాను. ఇంకోసారి తిప్పాను. ఆరున్నర బస్సు ఈపాటికి బార్షీ చేరి ఉంటుందని ముగ్గురికీ తెలుసు. మరో బస్సు కోసం అటూ ఇటూ చూశాం. దారి పొడవునా ఎండ తప్ప ఏమీ లేదు.

ఒక సత్యం ఒప్పుకోవాలి. విద్యుత్తు మీద నేను రెండు పీరియడ్లు అనర్గళంగా చెప్పగలను కానీ, బానెట్ తెరవడం నాకు రాదు. సునీతే ఎక్కడో మీట లాగి తెరిచింది. లోపల రంగురంగుల వైర్ల చిక్కు. నేను ఆ చిక్కును చూసి, డాష్‌బోర్డు అరలోంచి ఉత్తరం తీసి విప్పాను.

"ఏం జేస్తున్నవు మాస్తరూ?" బాలవ్వ దగ్గరికొచ్చింది.

"ఇందులో రాసిందే జరిగింది బాలవ్వా. ఇంజను దగ్గరి వైర్ల కట్టలో లోపం. చూడు, ముద్ర కూడా ఉంది."

ఆమె ఉత్తరాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "గండముందని కాయితం మీద రాసిచ్చిన్రు. అయినా పిల్లను ఎక్కించుకొచ్చినవు. గీ కాయితం గూడ నిమ్మకాయనే మాస్తరూ. ఎండిపోయింది, గంతే."

నేను ఉత్తరాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టాను.

బాలవ్వ కొంగు నడుముకు దోపింది. ఇంజన్లోకి వంగింది. "ఏముంది ఇందుల, పోగులే కద" అంటూ ఒక్కొక్క వైరూ వేళ్ల మధ్య జార్చుకుంటూ పోయింది, సాంచె మీద పడుగు తడిమినట్టు. బిగువుగా ఉన్నదాన్ని వదిలేసింది. ఒక దగ్గర ఆగింది.

"గిది వదులుగుంది. తెగింది." నల్లగా కాలి తెగిన రెండు కొసలు పైకెత్తి చూపించింది. మధ్యలో జానెడు ఎడం. "అతకాలంటె నడుమ పోగు కావాలె. దారం ఉన్నది నా దగ్గర."

"దారంలోంచి కరెంటు పోదు. లోహపు తీగ కావాలి." ఆ రోజు శాస్త్రం తరఫున నేను చేసిన సేవ ఇదే.

తీగ ఎక్కడిది? జేబులు వెతికాను. సునీత జడపిన్ను తీసి చూపించింది, పొట్టిదైపోయింది. సమయం పది దాటుతోంది. పిల్ల రోడ్డు పక్కన రాతి మీద కూర్చుని ఇంటర్వ్యూ కార్డు వెనక్కీ ముందుకీ తిప్పుతోంది, ఎక్కడైనా దయ అనే మాట రాసుంటుందేమోనన్నట్టు.

బాలవ్వ చప్పుడు చెయ్యకుండా కారు వెనక్కి నడిచింది. వంగి, బంపరు కిందికి చెయ్యి పెట్టింది. బయటికి తీసేసరికి ఆమె చేతిలో ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు, ఒక బొగ్గుముక్క వేలాడుతున్నాయి. మంచి సన్నటి ఇనుప తీగకు గుచ్చి.

"ఎప్పుడు కట్టావు!"

"నువ్వు స్పీచ్ ఇస్తుంటివి గద, అప్పుడు. శాన టైమ్ దొరికింది."

నిమ్మకాయ పీకింది, మిరపకాయలు దులిపింది. కొంగుతో తీగ తుడిచి, తెగిన రెండు కొసలకూ వేసి, బొటనవేలితో మెలి తిప్పింది. పడుగు అతుకు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"అలా బోడిగా వదిలేస్తే ఇంజను ఇనుముకు తగిలి షార్టవుతుంది," అన్నాను. "చుట్టూ ఏదైనా కప్పాలి. దళసరి కాగితమైనా చాలు."

ఇద్దరి చూపులూ సునీత సంచి మీదికి పోయాయి. "నా సర్టిఫికెట్లు ఇయ్యను!" అని పిల్ల కెవ్వుమంది. అప్పుడు ముగ్గురి చూపులూ నా చేతిలోని ఉత్తరం మీదికి వచ్చాయి.

దళసరి కాగితం. నాణ్యమైన కాగితం. బాలవ్వ దాన్ని అందుకుని, అతుకు చుట్టూ బీడీ చుట్టినట్టు చుట్టి, కొస మడిచి, కొంగుముడిలోని బీడీదారంతో రెండు చుట్లు బిగించింది. పదిహేను నెలల్లో ఆ ఉత్తరం నాకు ఉపయోగపడింది అప్పుడే.

తాళం తిప్పాను. ఇంజను పలికింది. దాంతోపాటు హారన్ కూడా పలికింది. అది ఇక ఆగలేదు. పదిహేను నెలల మౌనవ్రతం ఒక్కసారిగా విడిచినట్టు బార్షీ దాకా ఏకధాటిగా మోగింది. ఎడ్లబండ్లు పక్కకు తప్పుకున్నాయి, సైకిళ్లు చేలల్లోకి దిగాయి. ఆసుపత్రి వీధి మలుపు తిరిగేసరికి పదకొండుకు రెండు నిమిషాలు. గేటు మూస్తున్న కాపలావాడు ఆ హారన్ విని, ఎవరి ప్రాణమో పోతోందనుకుని రెండు తలుపులూ బార్లా తెరిచాడు. సునీత కారు ఆగకముందే దూకి పరిగెత్తింది. "పేషంట్ ఎవరు?" అని అతను నా కిటికీలోకి వంగి మరాఠీలో అడిగాడు. నేనే అని చెప్పాలనిపించింది.

నెల తిరక్కుండా సునీతకు సీటొచ్చినట్టు కార్డు వచ్చింది. బాలవ్వ గల్లీ అంతా దూద్‌పేడాలు పంచింది. నేను సంతోషంగా నోరు తెరిచేలోపే పేట తీర్పు చెప్పేసింది: నిమ్మకాయ గట్టెక్కించింది. ఇనుము మంచి వాహకమనీ, నిమ్మకాయను పీకి పారేశాకే కారు కదిలిందనీ మూడు శనివారాలు మొత్తుకున్నాను. "అవు మాస్తరూ, తీగ నిమ్మకాయదే కద" అన్నారు. నిజంగానే తీగ నిమ్మకాయదే.

అసలు శిక్ష ఆ తర్వాత మొదలైంది. ఏ ఆడపిల్లకు ఇంటర్వ్యూ వచ్చినా తల్లులు నా గుమ్మం ముందు నిలబడేవారు. "మా లతను మీ గాడీలనే తోల్కపోవాలె మాస్తరూ. జర అమాస నాడు పెట్టిస్తరా తేదీ?" అమావాస్యకు భయపడే పేటను అమావాస్య కోసం ఎదురుచూసే పేటగా మార్చాను. సంస్కర్తలు కోరుకునేది ఇదేనా అని అడగొద్దు. పిల్లలు మాత్రం ఊరు దాటుతున్నారు కదా అని స్టీరింగ్ పట్టుకునేవాణ్ణి.

ఎట్టకేలకు, మరో ఎనిమిది నెలలకు, అంబాదాస్ నుంచి కబురు. "పార్టు వచ్చింది. కంపెనీ ఉత్తరం పట్టుకొని రాండ్రి. ఉత్తరం లేకుంటె ఫుకట్ల వెయ్యరు, పైసలైతయి."

"ఉత్తరం తెచ్చాను," అన్నాను, బానెట్ తెరుస్తూ. తెరవడం అప్పటికి నేర్చుకున్నాను.

అంబాదాస్ బీడీదారం విప్పి, మసిబారిన కాగితం చుట్ట సాగదీసి, మిగిలిన అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఇదొక్కటే కనపడుతుంది మాస్తరూ." అతుకును వేలితో తడిమాడు. "ఎవరు కట్టిన్రు? పార్టు కన్న మంచిగుంది."

కనుక నేను మాటవరసకు కాదు, పూర్తి స్పృహతో ఈ ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక మీదట నా వాదన గెలుపుకు ఇంకొకరి పిల్ల భవిష్యత్తును ఇంధనంగా పొయ్యను. ఆరున్నరకు బస్సుంటే, దాని ముందు ఏం వేలాడుతున్నా సరే, నోరు మూసుకుని ఎక్కిస్తాను. ముద్ర ఉన్నంత మాత్రాన ఏ కాగితాన్నీ నెలకోసారి తీసి చదువుకోను.

ముందుజాగ్రత్త కోసం మటుకు నా డాష్‌బోర్డు అరలో మూరెడు సన్నటి ఇనుప తీగ ఎప్పుడూ ఉంచుకుంటాను. అది శుద్ధ విజ్ఞానం. ఆ తీగకు నిమ్మకాయ, మిరపకాయలు ఎందుకున్నాయని అడగకండి. శనివారం పూట భవానీ పేట్‌లో అవి లేకుండా తీగ ఒక్కటే అమ్మమంటే ఎవరూ అమ్మడం లేదు.