తలుపు పట్టాలో మైనం

తొంభైల మొదట్లో అక్కావాళ్లు జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకున్నారు. హాల్లోంచి సిటౌట్‌లోకి అద్దాల స్లైడింగ్ తలుపులు పెట్టించారు. అక్క సినిమా రికార్డింగులకు వీణ వాయించేది. అమ్మ పోయాక అక్కకు వచ్చిన వీణ అది. హాల్లోనే చాప మీద ఉంచేది.

తొలకరి వానకు ఆ తలుపు కిందనుంచి కాస్త నీరు లోపలికి వచ్చింది. తలుపు జరిగే పట్టాకు బయటివైపు సన్నటి రంధ్రాలున్నాయి. నీళ్లు అక్కణ్ణుంచే వస్తున్నాయని బావగారు తేల్చేశారు. వీణ మెట్లు బిగించగా మిగిలిన మైనంతో వాటిని పూడ్చేశారు.

"ఇక చుక్క దిగితే నన్నడుగు!" అన్నారు.

"అడక్క ఊరుకుంటానా?" అని నవ్వింది అక్క.

మర్నాడు మేమంతా శ్రీనగర్ కాలనీలో బారసాలకు వెళ్లాం. అక్కడుండగానే కుండపోత వాన మొదలైంది. తిరిగొచ్చి చూస్తే పట్టా నిండా నీళ్లు, అది పొర్లి హాలంతా నీళ్లు. అక్క హెయిర్‌పిన్ తీసి ఒక రంధ్రంలో పొడవగానే నీళ్లు బుస్సుమని బయటికి పోయాయి. అవి వాన నీరు బయటికి వెళ్లే దారులని అప్పుడు తెలిసింది.

చాపతోపాటు నానిన వీణ, కుండ దండితో కలిసే అతుకు దగ్గర విచ్చుకుంది.

"నీ వీణ తడవకూడదనే చేశానే" అన్నారు బావగారు, నీళ్లలోనే నిలబడి.

"తెలుసండీ. ముందు వీణ ఆ చివర పట్టుకోండి" అంది అక్క.

వీణను అతికించారు గానీ, అమ్మ వాయించినప్పటి నాదం మళ్లీ పలకలేదు. నిర్లక్ష్యం వల్ల పోయి ఉంటే ఒకసారి గట్టిగా తిట్టి ఊరుకునేవాళ్లం. అంత ప్రేమగా చేసిన పనికి ఎవరిని ఏమనగలం? ఆ మాట ఈనాటికీ మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.