మావయ్య పెంచిన పిల్ల

పాప మొదటి పుట్టినరోజు నాటికి మేం అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆర్నెల్లు ఉండి వెళదామని మా అత్తగారు వచ్చి ఉన్నారు. అదే వేసవిలో మా మావయ్య కూడా వచ్చాడు. అమ్మకి తమ్ముడు, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. పెళ్ళి చేసుకోలేదు. నన్ను ఎత్తుకు తిప్పిందీ, చదివించిందీ, సంబంధం చూసి పెళ్ళి చేసిందీ ఆయనే.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడని అత్తగారి నమ్మకం. నిజానికి ఆయన పక్క ఊళ్ళో వేరే సంసారంతో ఉన్నాడు. నా చిన్నతనంలో అప్పుడప్పుడు చీకటి పడ్డాక మా ఇంటికి వచ్చి తెల్లారకముందే వెళ్ళిపోయేవాడు. తర్వాత అదీ మానేశాడు. సంబంధాలు చూసే రోజుల్లో అమ్మ “పోయారని చెబుదాం” అంది. మావయ్య కాదనలేకపోయాడు. పెళ్ళయ్యాక నేను మా ఆయనకి చెప్పేశాను. “మా అమ్మకి మాత్రం చెప్పకు” అన్నాడు.

బళ్ళో ఎవరైనా నాన్న ఊసెత్తితే సిగ్గుతో మాట మార్చేసేదాన్ని. అమెరికా వచ్చినా ఆ సిగ్గు వదల్లేదు. తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో ఏ ఆంటీ అయినా “మీ డాడీ ఏం చేసేవారమ్మా?” అంటే మంచినీళ్ళ వంకతో లేచిపోయేదాన్ని.

పుట్టినరోజు మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక, మా ఆయన ఎవరినో దింపడానికి వెళితే, నా ఆఫీసు స్నేహితురాలు ఒక్కతే ఉండిపోయి గిన్నెలు సర్దుతోంది. చైనాలో కొండల మధ్య ఒక సరస్సు ఒడ్డున ఉండే మోసువో అనే తెగ అమ్మాయి.

“ఆ పిల్లకి అమ్మానాన్నా ఉన్నారా? అడుగు” అన్నారు అత్తగారు.

అడిగాను. ఆమె చేతులు తుడుచుకుంటూ హాయిగా చెప్పుకొచ్చింది. వాళ్ళింటికి అమ్మమ్మే పెద్ద. పిల్లలు అమ్మ ఇంటివాళ్ళే. మగవాళ్ళు రాత్రికి వచ్చి పొద్దున్నే తమ అమ్మ ఇంటికి వెళ్ళిపోతారు. ఇప్పుడు కొందరు వేరు కాపురాలు పెడుతున్నారట గానీ, వాళ్ళ నాన్న మాత్రం ఊరికి అవతలి వైపు తన తల్లి ఇంట్లోనే ఉంటాడు. ఆమెని పెంచింది మేనమామలు.

ఇదంతా తెలుగులో చెప్పాల్సింది నేను. ఒక్కో మాటా మా ఇంటి గురించే చెబుతున్నట్టుంది. తల వంచుకుని ఎలాగో ముగించాను.

“ఛీ ఛీ! రాత్రికొచ్చి పొద్దున్నే పోవడమేంటి? అదీ ఒక ఇల్లేనా? ఆ పిల్లలు నలుగుర్లో తలెత్తుకోగలరా?” అన్నారు అత్తగారు.

ఆవిడ ఏమన్నారని స్నేహితురాలు నావైపు చూసింది. నేను ఒక గిన్నె అందుకుని తుడవసాగాను. చెవులు కాలిపోతున్నాయి.

మావయ్య చేతిలో ప్లేటు కింద పెట్టాడు. “ఎందుకెత్తుకోలేరు చెల్లెమ్మా? మా అమ్మడు అట్టా పెరిగిందే.”

“అదేంటి అన్నయ్యగారూ? వాళ్ళ నాన్నగారు...”

“పోలేదమ్మా. బతికే ఉన్నాడు. మేమే అబద్ధం చెప్పాం.”

అత్తగారు పాపని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు. స్నేహితురాలికి విషయం అర్థం కాకపోయినా, నా భుజం మీద చెయ్యేసి, సెలవు తీసుకుంది. నేను మావయ్య మీద విరుచుకుపడ్డాను.

“ఎందుకు చెప్పావు మావయ్యా? ఇన్నేళ్ళు దాచింది దేనికి?”

“ఆ పిల్ల మేనమామలు పెంచారని అంత సంబరంగా చెప్పుకుంటుంటే ఆగలేకపోయానే. మీ నాన్న ఊసొస్తుందని, నిన్ను నేను పెంచానని ఎవరికన్నా చెప్పుకోనిచ్చారా నన్ను?”

నేను సిగ్గుపడేది నాన్న గురించే అనుకున్నాను గానీ, ఆ సిగ్గు చాటున మావయ్యని కూడా దాచేశానని అప్పుడు తెలిసింది. ఆయన పక్కన కూర్చున్నాను. మొహం చూడలేకపోయాను.

మావయ్య వెళ్ళేదాకా అత్తగారు ఆయనతో ముభావంగానే ఉన్నారు. వెళ్ళాక ఒక రోజు కూర తరుగుతూ అడిగారు. “మీ నాన్న నీ పెళ్ళికొచ్చాడా?”

“పందిరి బయట నుంచుని వెళ్ళిపోయాడట.”

ఆవిడ తల ఊపి, మళ్ళీ కూర తరగడంలో పడ్డారు. ఆ వారం ఇండియాకి ఫోన్‌లో ఎవరితోనో నా గురించి మాట్లాడుతూ, “పాపం, తండ్రి చిన్నప్పుడే పోయాడు, మేనమామ పెంచాడు” అన్నారు. పక్కగదిలో ఉన్న నాకు ఊపిరి తేలికైంది. వెంటనే, ఊపిరి తేలికైనందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.