గొంతు ఆగాక పియానో

సారు పోయారన్న కబురు నాకు ఎవరూ చెప్పలేదు. నేనే ఫోన్ చేసి తెలుసుకున్నాను. ఉత్తరం రాసి నెల దాటినా జవాబు రాకపోయేసరికి, ఒక శుక్రవారం పొద్దున మస్కట్‌లోని బౌషర్‌లో మా రూమ్ పక్కనున్న కిరాణా షాపు ముందు కార్డు ఫోన్ నుంచి గుంటూరు జిల్లాలోని వాళ్ళ ఊరికి చేశాను. అది పక్కింటివాళ్ళ ఫోను. సారు భార్య వచ్చి అందుకునేసరికి నా కార్డు సగం అయిపోయింది.

"పోయారు నాయనా," అన్నదామె. "ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. ఒకటే దగ్గు. ఆఖరికి ఊపిరి అందలేదు."

ఆమే మళ్ళీ అన్నది: "నీ ఉత్తరం వచ్చింది. సరిగ్గా ఆయన్ని పడుకోబెట్టిన పెట్టె మూయబోతుంటే పోస్టుమేన్ తెచ్చిచ్చాడు. నేను విప్పలేదు. ఆయన పేరు మీద వచ్చింది గదా, ఆయన దగ్గరే ఉండాలని చేతుల కింద పెట్టేశాను. ఏం రాశావు నాయనా?"

"ఏం లేదమ్మా. మంచిగున్నరా అని రాసిన."

అది అబద్ధం. ఆ ఉత్తరం రాయడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది. సారు బతుకు నా వల్ల ఎలా పాడైందో అందులో రాశాను. అది ఇప్పుడు ఎవరూ చదవకుండానే మట్టిలో ఉంది. ఇక్కడి తెలుగువాళ్ళం వేసుకునే సంచికకి సారు గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని మిత్రులు అడిగారు. మంచి మాటలు రాస్తాను. వాటితోపాటు ఆ ఉత్తరంలో ఉన్నది కూడా రాస్తాను. అది రాయకుండా మంచి మాటలు రాసే మొహం నాకు లేదు.

ఎనభైల చివర్లో మస్కట్‌లో సముద్రం ఒడ్డునున్న ఒక హోటల్లో నేను ఏసీ మెకానిక్‌ని. మాది కరీంనగర్ వైపు. ముప్పై రెండేళ్ళు, ఊళ్ళో భార్య, ఇద్దరు పిల్లలు. సారు అదే హోటల్లో పియానో వాయించేవారు. చిన్నప్పుడు మిషన్ స్కూల్లో ఒక దొరసాని దగ్గర నేర్చుకుని, మద్రాసులో చెయ్యి తిరిగాక, అటునుంచి ఒమాన్ చేరారు. సాయంత్రం పూట లాబీలో అతిథులు టీ తాగుతుంటే ఓ మూల కూర్చుని ఏవో చిన్న చిన్న వరసలు వాయించేవారు. ఎవరూ వినేవారు కాదు. మా స్టాఫ్‌కి ఆయన "పియానోవాలా" మాత్రమే.

ఆయన నాకు సారు అయింది పెద్ద హాల్లో. ఏడాదికి మూడు నాలుగు సార్లు ఇతర దేశాల నుంచి గాయకులు వచ్చి అక్కడ పాడేవారు. మైకు ఉండదు. మొదటిసారి నేను హాలు వెనక నిచ్చెనెక్కి ఏసీ గాలి వచ్చే జాలీ విప్పుతున్నాను. ముందు వేదిక మీద, ఆయన పియానో పక్కన, ఒకావిడ నోరు తెరిచింది. ఆ గొంతు అంత హాలూ దాటుకుని వచ్చి నా చెవిలో పడింది. చేతిలో స్క్రూడ్రైవర్ జారి కిందపడింది. మనిషి గొంతుకి అంత బలం ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. పాటల్లోనే నడిచే నాటకం, ఒపెరా, అంటే అదేనని, వాళ్ళ దేశాల్లో వందమంది వాద్యగాళ్ళు చేసే పని ఇక్కడ సారు రెండు చేతులే చేస్తున్నాయని తర్వాత తెలిసింది.

సారుకి మాత్రం ఒపెరా కంటే చిన్న పాటలే ఇష్టం. ఒక కవిత, ఒక గొంతు, ఒక పియానో. మూడు నాలుగు నిమిషాల్లో అయిపోయేవి. ఏ భాష పాటైనా ముందు దాని అర్థం తెలుగులో పెన్సిల్‌తో కాగితం అంచున రాసుకునేవారు. అర్థం తెలియకుండా వేలు పెట్టడం ఎవరింట్లోనో తలుపు కొట్టకుండా దూరడమేనని అనేవారు.

వాయించేటప్పుడు ఆయనకి స్వరాల కాగితాల పేజీలు తిప్పే రిసెప్షన్ అతను ఒకసారి జ్వరంతో పడుకున్నాడు. సారు తిన్నగా నా వర్క్‌షాప్‌కి వచ్చారు.

"నాకు గా గీతలు చదవరాదు సారూ," అన్నాను.

"చదవక్కర్లేదయ్యా. గంటలకొద్దీ కదలకుండా గేజు చూస్తావు గదా, నా గడ్డం చూడలేవా? గడ్డం దించితే తిప్పు."

అలా మొదలైంది. ఎడమవైపు నిలబడాలి. ఎడమ చేత్తో కాగితం పై మూల పట్టుకోవాలి. చెయ్యి ఆయన కళ్ళకి అడ్డం రాకూడదు. జనం చప్పట్లు కొడితే నేను కొట్టకూడదు, నవ్వకూడదు. అక్కడ నేను లేనట్టే. హాలు చల్లదనానికి వేళ్ళు బిగుసుకోకుండా సారు వాయించేముందు పాలు లేని టీ గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుని కూర్చునేవారు. తాగేవారు కాదు. చల్లారాక నాకు ఇచ్చేవారు. అలా పేజీలు తిప్పిన నాలుగేళ్ళలో నేను ఎన్ని చల్లారిన టీలు తాగానో చెప్పలేను.

ఒక కచేరీలో ఆరడుగుల పైన ఉన్న ఓ గాయకుడు పాట మధ్యలో ఒక చరణం మొత్తం ఎగరగొట్టాడు. నేను ఒక పేజీ మూల పట్టుకుని నిలబడి ఉన్నాను. సారు తనే రెండు పేజీలు ఒక్కసారి లాగేసి, ఆయన ఎక్కడున్నాడో అక్కడికి చేరిపోయారు. తర్వాత అందరి ముందూ ఆ గాయకుడితో, "క్షమించండి, నేనే తొందరపడ్డాను," అన్నారు. ఆ పెద్దమనిషి కాదనలేదు.

వెనక మెట్ల మీద నేను ఊరుకోలేకపోయాను. "తప్పు ఆయనది గద సారూ. మీరెందుకు మీదేసుకున్నరు?"

"వాళ్ళు వట్టి గొంతుతో నిలబడతారయ్యా. చేతిలో ఏమీ ఉండదు. నాకైతే దాక్కోడానికి ఇంత పెద్ద పెట్టె ఉంది," అన్నారు. నాకు అప్పుడది నవ్వులాటగా అనిపించింది.

ఆయనకి కోపం వచ్చేది ఒక్క విషయానికే. కొన్ని పాటల్లో గొంతు ఆగాక పియానో ఒక్కటే ఇంకాస్త దూరం నడుస్తుంది. సారు చేతులు పైకి లేచి, కాలు పియానో కింది పెడల్ మీంచి తీసేదాకా ఎవరూ చప్పట్లు కొట్టకూడదు. మన హోటల్ జనానికి అంత ఓపిక ఎక్కడిది? గాయని నోరు మూయగానే టపటపా కొట్టేసేవారు. "గొంతు ఆగితే పాట అయిపోయినట్టా? ఇక చెప్పలేక ఆగింది. మిగతాది మనం చెప్పాలి," అని సారు ఆ రాత్రంతా సణిగేవారు.

ఇక ఆ సెప్టెంబరు సంగతి. ఎండ తగ్గలేదు, పైగా సముద్రం మీంచి గోడలు కూడా చెమర్చేంత తడిగాలి. యాభై ఏళ్ళ గాయని ఒకావిడ వచ్చింది. ముందురోజు రిహార్సల్‌లో ఏసీ చలికి మెడ చుట్టూ శాలువా కప్పుకుని ఉంటే, నేను వేడినీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆవిడ నా కళ్ళలోకి చూసి థాంక్యూ అన్నది. ఆ హోటల్లో అతిథులు గోడకున్న ఏసీ స్విచ్చుని చూసినట్టే నన్నూ చూసేవారు. ఆ ఒక్క మాటకి నాకు తల తిరిగింది.

పియానో ఉన్న హాల్లో ఏసీ రాత్రింబవళ్ళు నడవాలని సారు గట్టి ఆజ్ఞ. కచేరీ నాడు మధ్యాహ్నం పన్నెండుకి నేను ఏసీ ఆపేసి, సముద్రం వైపు తలుపులు తెరిచి పెట్టాను. ఆవిడ గొంతుకి హాయిగా ఉంటుందని, తెలిస్తే మళ్ళీ థాంక్యూ అంటుందని. ఆవిడ అడగలేదు. ఎవరూ అడగలేదు. ఓ గంట తర్వాత మూసేద్దామనుకున్నాను. ఈలోగా వంటింటి కోల్డ్ రూమ్ చెడిపోయిందని పిలిస్తే వెళ్ళి, అయిదింటిదాకా అక్కడే ఇరుక్కుపోయాను.

తిరిగొచ్చేసరికి పియానో ఒళ్ళంతా నీళ్ళు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు పట్టాయి. చల్లగా ఉన్న వస్తువు మీదికి తడిగాలి వదిలితే నీళ్ళు కడతాయని నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? నేను తినే అన్నమే అది. తువ్వాలుతో పైపైన తుడిచి, తలుపులు మూసి, ఏసీ పెంచి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

సారు వచ్చి పియానో మెట్లు ఒక్కొక్కటే నొక్కి చూశారు. ఏడు మెట్లు కిందికి పోయినవి పైకి రాలేదు. లోపల తడికి ఉబ్బిపోయాయి.

"ఏసీ ఎవరు ఆపారయ్యా?"

నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది. "మేడమ్ బంద్ జేయమన్నది సారూ. గొంతు పట్టేస్తుందట."

సారు మెట్ల మీంచి చెయ్యి తీశారు. "గొంతు కోసం అడిగిందా? అయితే ఇంకేం చేస్తాంలే," అన్నారు. టీ గ్లాసు చేతుల్లోకి తీసుకున్నారు. ఆవిడతో ఏసీ ఊసే ఎత్తలేదు. మెట్లు చూపించి, పాటల శ్రుతి అరమెట్టు పైకి జరుపుకుందామా అని మాత్రం అడిగారు. ఆవిడ సరేనంది. ఆ సాయంత్రం సారు కాగితం మీద ఉన్నది చదువుతూ, చేతుల్తో దానికి అరమెట్టు పైన వాయించారు. చెడిన మెట్లని తప్పించుకుంటూ, అప్పటికప్పుడు. నేను పేజీలు తిప్పుతూ ఆయన మెడ మీద చెమట చూశాను. ఆవిడ అద్భుతంగా పాడింది. అయినా కొన్ని మెట్లు టక్కుటక్కుమంటూనే ఉన్నాయి. ముందు వరసలో పెద్దవాళ్ళు కొందరు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. చివరి పాట సంగతి తర్వాత చెబుతాను.

మర్నాడు మేనేజర్ ఇద్దర్నీ పిలిపించాడు. "ఏసీ కిస్‌నే బంద్ కియా?" అంటూ ఏసీ ఎవరు ఆపారని నన్ను అడిగాడు. పక్కనుంచి సారు, "మైనే బంద్ కర్‌వాయా, సాబ్," అన్నారు. తనే ఆపించానని. ఆవిడ పేరు చెబితే ఆవిడని మళ్ళీ పిలవరు. నా పేరు చెబితే నన్ను ఆ వారంలోనే విమానం ఎక్కిస్తారు. ఆయన తన పద్ధతి ప్రకారం పాడే మనిషి తప్పు తన మీద వేసుకున్నారు. ఆ తప్పు ఆవిడది కానే కాదని ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

సారు కాంట్రాక్టు మళ్ళీ రాయలేదు. కాగితాలు మార్చుకుని మస్కట్‌కి దూరంగా అల్ సువైక్ అనే ఊళ్ళో ఒక టైపింగ్ షాపులో చేరారు. వీసా ఫారాలు, లేబర్ కార్డు అర్జీలు. ఖర్జూరం తోటల మధ్య రోడ్డు పక్కన ఇరుకు గది. దుమ్ము. ఆ వేళ్ళు పొద్దుటినుంచి రాత్రిదాకా టైపు మెషీన్ ఇనప మెట్లు కొట్టేవి. మళ్ళీ ఆయన పియానో ముందు కూర్చోలేదు. దగ్గు అక్కడే పట్టుకుంది.

నేను రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ చెప్పాలనే వెళ్ళాను. మొదటిసారి షాపు నిండా జనం ఉన్నారన్న వంక దొరికింది. రెండోసారి ఒక్కరే ఉన్నారు. నాకు కుర్చీ వేసి టీ తెప్పించారు.

"ఆవిడ మళ్ళీ వచ్చిందా?" అని అడిగారు.

"మొన్ననే వచ్చింది సారూ. ఎవరో కొత్తాయన వాయించిండు. మస్తు పాడింది."

సారు మొహం విప్పారింది. "అదీ కావాల్సింది. ఏసీ ఆపారా మరి?"

"లే సారూ, నడుస్తనే ఉండె."

"మరి గొంతు?"

"మంచిగనే ఉండె," అన్నాను. అన్నాక గానీ ఏమన్నానో నాకు అర్థం కాలేదు. సారు నా వంక చూశారు. కోపంగా కాదు. ఒక మెట్టు నొక్కి, అది పైకి వస్తుందా రాదా అని చూసినట్టు చూశారు. నేను చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. చెప్పలేదు. సారు మెషీన్‌లోకి కొత్త కాగితం ఎక్కించి, "ఎండ ముదరకముందే బయల్దేరు," అన్నారు. నా చేతిలో ఖర్జూరం పొట్లం పెట్టారు.

ఆయనకి ఆ రోజే తెలిసిపోయిందా? ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది అదే. తెలిస్తే, తెలిసి కూడా పొట్లం ఇచ్చారు. తెలియకపోతే, ఆవిడ గొంతు కోసం పియానో వదులుకున్నానన్న తృప్తితో పోయారు. ఈ రెంటిలో ఏదైనా నాకు క్షమాపణ కాదు. దగ్గు ముదిరి ఆయన ఇంటికి వెళ్ళిపోయిన ఏడాదికి గానీ నా కలం కదల్లేదు.

ఇది అచ్చయ్యాక మొదటి ప్రతి గుంటూరు జిల్లాకి పంపిస్తాను. అమ్మా, ఆ రోజు ఫోన్లో మీరు అడిగినదానికి జవాబు ఇదే. తిట్టండి. జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

చివరి పాట సంగతి చెప్పాలి. ఒక ఆడమనిషి వాకిట్లో నిలబడి, తిరిగి రానివాడి గుర్రం డెక్కల చప్పుడు కోసం వినే పాట. అరమెట్టు పెంచితే గొంతుకి మరీ ఎత్తు అవుతుందని దాన్ని రాసిన శ్రుతిలోనే వాయించారు. ఆవిడ ఆగింది. ఎందుకో ఆ ఒక్కసారి హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పియానో ఒక్కటే నడుస్తోంది, దూరమవుతున్న డెక్కల్లాగా. కింద ఎడమవైపు ఒక మెట్టు రెండుసార్లు మోగాలి. మొదటిసారి నొక్కితే శబ్దం రాలేదు, మెట్టు కిందనే ఉండిపోయింది. రెండోసారి దాని వంతు వచ్చేసరికి సారు వేలు ఆ చచ్చిన మెట్టు మీదికే వెళ్ళింది. ఆయన తల వంచి, పెదవులు విప్పకుండా, ఆ స్వరం తన గొంతుతో పలికారు. అది వేదిక చివర నిలబడిన గాయనికి కూడా వినిపించి ఉండదు. ఆయన పక్కనే, పేజీ మూల పట్టుకుని, అక్కడ లేనట్టు నిలబడ్డ నాకు వినిపించింది.