వెనక చక్రాలూ, బావగారి ‘ఆయ్’

మొన్న మా అమ్మాయి కారును అమలాపురంలో సర్వీసింగుకి ఇస్తుంటే తోడుగా నేనూ వెళ్ళాను. అక్కడి ఉద్యోగి కంప్యూటరులోకి చూస్తూ, వెనక బ్రేకులు ఏడాది తిరగకుండానే అరిగిపోయాయనీ, మేడంగారు బ్రేకు మీద కాలు ఉంచి నడుపుతున్నట్టున్నారనీ తేల్చేశాడు. కారు కిందకి వంగి చూసింది లేదు, చక్రం తిప్పి చూసింది లేదు. అమ్మాయి ముఖం చిన్నబోయింది. అతని మీద నాకు కోపం రావాల్సింది, కానీ సిగ్గేసింది. ఎందుకంటే, సరిగ్గా ఆ మాటే నేనొకప్పుడు మా బావగారిని అన్నాను.

అప్పట్లో నేను ముక్తేశ్వరం వెళ్ళే రోడ్డు పక్కన సొంతంగా షెడ్డు పెట్టిన కొత్త. నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కారు రిపేరంటే చెవితో విని, ముక్కుతో వాసన పట్టి, వేళ్ళతో తడిమి చేసే పని. ఆ మూడూ నాకు బాగానే ఉండేవి. వాటితోపాటు ‘నాకు తెలియందేముంది’ అనే పొగరు కూడా కాస్త ఎక్కువగానే ఉండేది. బావగారంటే మా అక్క భర్త. ముక్తేశ్వరంలో ఒక డాక్టరమ్మగారి దగ్గర డ్రైవరు. ఆవిడ రోజూ పొద్దున్నే రేవులో కారును బల్లకట్టులాంటి పంటు ఎక్కించి, గోదావరి దాటి, కోటిపల్లి మీదుగా కె.గంగవరంలోని తన ఆసుపత్రికి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ అదే దారిన తిరిగొచ్చేవారు. నేను నిక్కర్లు వేసుకునే రోజుల్లో బావగారు మా ఇంటి అల్లుడయ్యారు. అప్పటినుంచీ నన్ను ‘ఏమోయ్’ అనే పిలిచేవారు. ఇంట్లో అందరూ పేరుతో పిలిచే పిల్లాణ్ణి నేను, ఆయనకి మాత్రం ‘ఏమోయ్’ని. షెడ్డు పెట్టి నలుగురిచేతా ‘గారు’ అనిపించుకుంటున్నా ఆయన పిలుపు మారలేదు, అది నాకు లోలోపల ఎంతో ఇష్టంగా ఉండేది.

డాక్టరమ్మగారి కారుకి ఆ ఏడు వెనక బ్రేకు లైనింగులు రెండుసార్లు వేశాను. మూడోసారీ అరిగిపోయి వచ్చేసరికి ఆవిడకి విసుగొచ్చి స్వయంగా షెడ్డుకి వచ్చారు. నువ్వు వేసే సరుకు నాసిదా, లేక మా డ్రైవరు నడపడంలో తేడా ఉందా అని సూటిగా అడిగారు. నా సరుకు మీద మాట పడేసరికి నోరు ఆగలేదు. “సరుకు మంచిదేనండి, బ్రేకు మీద కాలు తియ్యకుండా నడిపితే ఎవరేసినా ఇంతేనండి” అనేశాను. ఆవిడ బావగారి వైపు తిరిగి, నిజమేనా అన్నారు. ఆయన కారు తుడుస్తున్న గుడ్డ రెండు చేతుల్లో పట్టుకుని, తల వంచుకుని, “ఆయ్” అన్నారు.

మన గోదావరి ప్రాంతంలో ఆ ‘ఆయ్’కి ఎన్ని అర్థాలున్నాయో చెప్పక్కర్లేదు. అవునన్నా ఆయే, విన్నానన్నా ఆయే, తమరు పెద్దవారు నేనేమంటాను అనడానికీ అదే. డాక్టరమ్మగారు ఎక్కడో దూరపు జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఆవిడకి అది నేరం ఒప్పుకున్నట్టే వినిపించింది. ఒకటో తారీఖు నుంచి వేరే మనిషిని చూసుకుంటానన్నారు. బావగారి ఆయ్ ఏ రకందో నాకు తెలుసు. యజమాని ఎదుట బావమరిదిని అబద్ధాలకోరుని చెయ్యడం ఇష్టంలేని ఆయ్ అది. తెలిసి కూడా నేను నోరు విప్పలేదు.

సాయంత్రం అక్క షెడ్డుకి వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. “మీ బావ నెలరోజులై చెబుతున్నారు కదరా, రేవు దాటేక కారు బరువుగా లాగుతోందని. నువ్వొకసారైనా ఎక్కి చూసేవా?” అని మాత్రం అడిగి వెళ్ళిపోయింది. నిజమే, నాతోనూ చెప్పారు. అదంతా మీ భ్రమ అని కొట్టిపారేశాను. అక్క వెళ్ళాక, విప్పి పెట్టిన ఆ కారు వంక చూస్తూ కూర్చుంటే అప్పుడు తట్టింది, ముందు చక్రాల లైనింగులు ఏడాదిగా మార్చనే లేదని. కాలితో తొక్కే బ్రేకు నాలుగు చక్రాలకీ పడుతుంది. కాలు ఉంచి నడిపితే ముందువీ అరగాలి. వెనక రెండింటినే పట్టేది హ్యాండ్‌బ్రేకు ఒక్కటే. పని నేర్చుకున్న మొదటి నెలలోనే తెలిసే సంగతి అది.

లైనింగులు వేసి, మర్నాడు పొద్దున్న డాక్టరమ్మగారిని అడిగి అదే కారులో ముందు సీట్లో కూర్చున్నాను. పంటు మీద కారు ఆగగానే బావగారు హ్యాండ్‌బ్రేకును నూతిలోంచి చేద లాగినట్టు రెండు చేతులా లాగారు. వెనకెప్పుడో పంటు ఊగి, డాక్టరమ్మగారు లోపల కూర్చుని ఉండగానే కారు జానెడు జరిగిందట. అప్పటినుంచీ ఆయనకి ఆ భయం. అవతలి ఒడ్డున బ్రేకు దించి బయల్దేరాం. కాస్త దూరం పోయాక ఆపించి దిగి, ముందు చక్రం ముట్టుకున్నాను, చల్లగా ఉంది. వెనక చక్రం ముట్టుకుంటే వేళ్ళు చుర్రుమన్నాయి. జాకీ ఎత్తి తిప్పబోతే అతికష్టం మీద కదిలింది. హ్యాండ్‌బ్రేకు పిడి కిందకి దిగింది కానీ, రేవులో తడికీ ఇసుకకీ తుప్పుపట్టిన కేబులు దాని గొట్టంలో ఇరుక్కుని వెనక్కి రావడం లేదు. రోజూ రెండుసార్లు రేవు దాటి, బ్రేకు సగం పట్టిన కారునే ఆయన ఈడ్చుకొస్తున్నారన్నమాట.

“కాలు కాదండి, కేబులండి. ముందే చూడకపోవడం నాదే తప్పండి” అని డాక్టరమ్మగారితో అక్కడే చెప్పాను. ఆవిడ బావగారితో, ఉద్యోగం ఎక్కడికీ పోదులే అన్నారు. కొత్త కేబులు వేసి గ్రీజు దట్టించాను. పంటు మీద చక్రాల కింద పెట్టడానికి వడ్రంగి చేత రెండు చెక్క ముక్కలు చేయించి ఇచ్చాను. ఇక ఆ పిడిని అంత బలంగా లాగే పని లేకపోయింది, ఆ లైనింగులు రెండేళ్ళు దాటి వచ్చాయి.

కేబులు మార్చిన కారును తీసుకెళ్ళడానికి బావగారు వచ్చినరోజు, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, “బావగారూ, ఆరోజు నేను తొందరపడ్డాను” అన్నాను. ఆయన అద్దం తుడుస్తూనే, “ఆయ్, పర్వాలేదండి” అన్నారు.

నన్ను! అంతవరకూ ఏమోయ్ అన్న మనిషి! కోపం లేదు, వెటకారం లేదు, డాక్టరమ్మగారితో మాట్లాడినట్టే మర్యాదగా అన్నారు. ఆ తర్వాత ఎన్ని శుభకార్యాల్లో కలిసినా, ఒకే బంతిలో కూర్చుని భోంచేసినా, ‘మీరు’, ‘అండి’ తప్పలేదు. తమ్ముడి పనితనం చూసి ఈయన గౌరవమిస్తున్నారని అక్క మురిసిపోయేది. నేనేం చెప్పను?

మొన్న ఆ ఉద్యోగి చేత కారు పైకెత్తించి, ముందు చక్రాలు చూపించి, ఇరుక్కున్న కేబులు నేనే పట్టి చూపించాను. మా అమ్మాయీ అదే రేవు దాటి ఉద్యోగానికి వెళుతుంది మరి. అతను వెంటనే, “సారీ మేడం, మార్చేస్తామండి” అన్నాడు. అమ్మాయి నవ్వేసింది, ఇంటికొచ్చేసరికి మర్చిపోయింది కూడా. ఈ కాలంలో మాట అనడమూ తేలికే, వెనక్కి తీసుకోవడమూ తేలికే. అదీ ఒకందుకు మంచిదేనేమో. బావగారు పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ నన్ను గారూ అనే పిలుస్తారు. ఏమోయ్ అని పిలిచే మనిషి నాకు ఒక్కరే ఉండేవారు. ఆ పిలుపు ఆయనతో పోలేదు, ఆయన అద్దం తుడుస్తూ ఉండగా నా షెడ్డులోనే పోయింది.