మా గడ్డివాము మీద రిమోట్ నీళ్లు

నేను చదివింది ఐదో తరగతి వరకే. ఇప్పటిదాకా పాల లెక్క చీటీలు తప్ప ఏమీ రాయలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. మా వాము సంగతి పేపర్లో ఒక రకంగా వచ్చింది, మా దొడ్లో ఇంకో రకంగా జరిగింది. దొడ్లో జరిగింది కూడా ఎవరో ఒకరు రాయాలి కదా అని కూర్చున్నాను.

మాది ఏన్కూరు దాటి అడవి వైపు పోయే దారిలో ఉన్న ఊరు. మా దొడ్డికి, ఫైర్ స్టేషన్‌కు మధ్య నడుం ఎత్తు గోడ ఒక్కటే అడ్డం. స్టేషన్ వాళ్ల టీకి పాలు మావే. గోడ ఇటు పక్క మా గడ్డివాము ఉండేది. ఇప్పుడు అందరూ మిషన్‌తో వరి కోయిస్తున్నారు, గడ్డి పొట్టుపొట్టు అయిపోతుంది. మేము మాత్రం గడ్డి కోసమని కొడవళ్లతో కోయించి, కట్టలు కట్టి, వాము వేశాం. రెండు బర్రెలకు వానలు పడేదాకా అదే తిండి. అందులో ఒకటి చూడిది, నెల తిరక్కుండా ఈనేటట్టు ఉంది. వాము పోతే బర్రెలు పోయినట్టే, బర్రెలు పోతే ఇల్లు గడవదు.

ఆ స్టేషన్‌కు ఎండాకాలం మొదట్లో కొత్త బండి వచ్చింది. మడతలు మడతలుగా పెద్ద నిచ్చెన, దాని చివర నీళ్లు చిమ్మే లావు గొట్టం. ఆ గొట్టాన్ని కింద నిలబడి తిప్పొచ్చు. మెడకు బెల్టుతో తగిలించుకునే పసుపు డబ్బా ఒకటి ఉంది, దాని మీద రెండు పుల్లలు. పుల్ల ఎటు వంచితే పైన గొట్టం అటు తిరుగుతుంది. స్టేషన్ డ్రైవరు వారం రోజులు పోయి అది నేర్చుకొని వచ్చాడు. మనిషి పైకెక్కి పొగలో నిలబడే బాధ తప్పిందని సంబరంగా చెప్పాడు. అబ్బాయి మంచివాడు, నన్ను అక్కా అంటాడు.

మా ఊళ్లో అంటుకునేవి ఏమిటంటే గడ్డివాములు, పత్తి కుప్పలు, తాటాకు కొట్టాలు, ఎండాకాలం అడవి అంచున రాలిన ఆకులు. అన్నీ నేల మీదే అంటుకుంటాయి. ఎత్తు అంటే బ్యాంకు మీది రెండో అంతస్తు ఒక్కటే, దాంట్లో పావురాలు కాపురం ఉంటాయి. పట్నానికి పోవాల్సిన బండిని కొట్లాడి ఇక్కడికి తెచ్చామని పార్టీవాళ్లు ఫ్లెక్సీల్లో రాసుకున్నారు. ఎవరితో కొట్లాడారో రాయలేదు.

మా అత్త గోడ మీదుగా ఆ నిచ్చెనను చాలాసేపు చూసింది.

“తాటికాయలు కొయ్యనీకి పనికొస్తదా బిడ్డా?”

“నీళ్లు కొడితే అవే రాల్తయ్ పెద్దమ్మా,” అన్నాడు డ్రైవరు.

ఓపెనింగ్‌కు ఒక పెద్ద నాయకుడు వస్తాడన్నారు. ముందు రోజు స్టేషన్ ఆఫీసర్ సారు మా దొడ్లోకి వచ్చి, ఫొటోల్లో మా వాము పడుతుందని, బాగుండదని, అక్కణ్ణించి తీసెయ్యమని చెప్పాడు. అంత వాము ఒక్క రాత్రిలో ఎక్కడికి తియ్యాలి? చూడిబర్రె సంగతి చెప్పాను. సారు ఆలోచించి ఇంకో ఉపాయం చేశాడు. టెంటు వాళ్లతో మెరుపు గుడ్డలు తెప్పించి, గులాబీ రంగూ పసుపు రంగూ కలిపి, వాము చుట్టూ పెళ్లి పందిరికి చుట్టినట్టు చుట్టించాడు. దాని మీద నాయకుడి ఫ్లెక్సీ కట్టించాడు. మా గడ్డికి అంత వైభోగం ఎప్పుడూ జరగలేదు. పాత బండికి సొట్టలు ఉన్నాయని, అది కూడా ఫొటోలో పడకూడదని, మార్కెట్ యార్డు వెనక పెట్టి రమ్మన్నాడు. ఆ పాత బండే మా ఊళ్లో ఇన్నేళ్లూ మంటలు ఆర్పింది.

తెల్లారి కొత్త బండికి బొట్లు పెట్టారు, దండలు వేశారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ముందు నుంచి వెనక దాకా ఎర్ర రిబ్బను చుట్టారు. పసుపు డబ్బాను కత్తెరతో పాటు పళ్లెంలో పెట్టి పువ్వులు చల్లారు. నాయకుడు రిబ్బను కోసి, డబ్బా మెడలో వేసుకొని, పుల్ల వంచితే ఒక డ్రమ్ములో పెట్టిన మంట ఆరాలి. అదీ ప్రోగ్రాం. పదింటికన్నది పన్నెండు దాటింది. డ్రమ్ములో మంట దానంతట అదే రెండుసార్లు ఆరిపోయింది.

కార్లు మలుపు తిరగగానే కార్యకర్తలు పటాకుల లడీ అంటించారు. ఫైర్ స్టేషన్ గేటు ముందర, నడి ఎండలో, వాముకు పది అడుగుల దూరంలో. ఒక రవ్వ ఎగిరి మెరుపు గుడ్డ మీద పడింది. ఆ గుడ్డ నూనెలో ముంచినట్టు భగ్గుమంది. వచ్చినవాళ్లకు టీ పంచుతున్న నేను గ్లాసులు కింద పడేసి గోడ దగ్గరికి ఉరికాను.

డ్రైవరు నాకంటే ముందే బండి వైపు ఉరికాడు. ఆఫీసర్ సారు అతని భుజం పట్టుకొని ఆపాడు.

“ఆగురా. ఇంకా ఓపెనింగ్ కాలే. రిబ్బన్ ఉంది.”

“వాము అంటుకుంది సార్.”

“కనబడుతుంది. సారు దిగుతున్నడు, రెండు నిమిషాలు.”

రెండు నిమిషాలంటే గడ్డికి చాలా ఎక్కువ. నాయకుడు దిగాడు, దండలు వేయించుకున్నాడు, చేతులు జోడించాడు. అప్పుడు మంట కనబడింది. ఆయన ముఖం విప్పారింది.

“డెమో మంచిగ పెట్టిన్రయ్యా,” అన్నాడు. “నేనేదో చిన్నగ అనుకున్న.”

అది డెమో కాదని చెప్పే నోరు అక్కడ ఎవరికీ లేదు. ఆఫీసర్ సారు నవ్వి, పళ్లెం ముందుకు జరిపాడు. రిబ్బను తెగింది. జనం చప్పట్లు కొట్టారు. కాలేది మా గడ్డి, చప్పట్లు ఆయనకు.

నిచ్చెన లేచింది. నిజం చెప్పాలంటే అది లేస్తుంటే చూడముచ్చటగా ఉంది. నాయకుడు కెమెరాల వైపు ముఖం పెట్టి పుల్ల వంచాడు. నీళ్లు దూసుకొచ్చి మా కొట్టం దాటి తాటిచెట్టును తడిపాయి. ఇంకో పుల్ల వంచాడు. ఈసారి టెంటు మీద పడ్డాయి, కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చెల్లాచెదురయ్యారు. డ్రైవరు ఆయన వెనకే నిలబడి “ఎడమకు సార్, ఇంకొంచెం కిందికి సార్” అంటున్నాడు గానీ చెయ్యి వెయ్యడానికి లేదు. పెద్దాయన మెడలో ఉన్నదాన్ని ఎవరు ముట్టుకుంటారు? నేనూ పక్కింటి ఆడవాళ్లూ వాము వెనక నుంచి అంటుకోని కట్టలు లాగి దూరం పారేస్తున్నాం. వేడికి కనుబొమ్మలు మాడుతున్నాయి.

అప్పుడు మా అత్త గోడ దాటింది. ఎట్లా దాటిందో ఇప్పటికీ తెలియదు, ఆమె మోకాళ్లు మామూలుగా గడప కూడా దాటవు. తిన్నగా నాయకుడి ముందుకు పోయి నిలబడింది.

“అయ్యా, అది ఉత్తుత్తి మంట కాదు, మా బర్రెల తిండి. ఫొటోలు దిగినవ్ గద, ఆ డబ్బా ఆ పిలగానికియ్యి.”

కెమెరాలు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి ఆయన నవ్వు ముఖం చెదరలేదు. డబ్బా తీసి, అదేదో వరం ఇచ్చినట్టు డ్రైవరు మెడలో వేశాడు. డ్రైవరు ఒక్క పుల్ల అటు, ఒక్క పుల్ల ఇటు కదిపాడు. నీళ్లు నిటారుగా వాము నడినెత్తిన పడ్డాయి. మేము ఒక చుట్టు కట్టలు లాగేంతలో మంట చచ్చింది. బండిని తప్పు పట్టను. బండి మంచిదే.

అంతటితో ఆపినా బాగుండేది. నాయకుడి మనిషి ఒకతను వీడియో సరిగా రాలేదని, ఇంకోసారి కొట్టమని చెప్పాడు. డ్రైవరు వద్దన్నట్టు ఆఫీసర్ వైపు చూశాడు, ఆఫీసర్ కానియ్యమన్నాడు. అగ్గి మిగిల్చిన సగం వాము, మేము లాగి పక్కన పెట్టిన కట్టలు, అన్నీ బురదలో నానాయి.

మరునాడు పేపర్లో ఫొటో పడింది. డెమో విజయవంతమైందని రాశారు. నేను ఆఫీసర్ సారు దగ్గరికి పోయి నష్టపరిహారం సంగతి అడిగాను. డెమోలో కాలితే అగ్నిప్రమాదం కిందికి రాదని, ప్రమాదమే లేనప్పుడు నష్టం ఎక్కడిదని నాకు నిమ్మళంగా చెప్పాడు. పొగకు ఎర్రబడిన నా కళ్లు చూసి, చుక్కల మందు వేసుకోమని సలహా కూడా ఇచ్చాడు.

తడిసిన గడ్డి కుప్పగా ఉంటే లోపల వేడి పుట్టి బూజు పడుతుంది. అది తింటే చూడిబర్రెకు గండం. జల్దీ ఎండబెట్టాలి. మా దొడ్డంతా బురద. ఊళ్లో చదునుగా, ఎండ తగిలేటట్టు ఉన్న జాగా ఒక్కటే, కొత్త బండి కోసం స్టేషన్ ముందర పోసిన సిమెంటు గచ్చు. నేనూ మా అత్తా గంపలతో మోసి, గేటు నుంచి బండి టైర్ల దాకా గడ్డి పరిచాం.

ఆఫీసర్ సారు బయటికి వచ్చి చూశాడు.

“ఏందమ్మా ఇది? ఎక్కడన్నా అగ్గి పడితే బండి ఎట్ల పోవాలె?”

“ఫోనొస్తే తీస్తం సార్,” అన్నాను. “రిబ్బను కట్టి, పెద్దమనుషులను పిలిచేసరికి మాకు టైముంటది గద.”

లోపల ఎవరో నవ్వి దగ్గినట్టు చేశారు. సారు పాత బండిని యార్డు నుంచి తెప్పించి రోడ్డు మీద పెట్టించాడు. తెల్లారి తనిఖీకి పై ఆఫీసరు వస్తున్నాడని మధ్యాహ్నం ఫోను వచ్చింది. అప్పుడు స్టేషన్ మొత్తం బూట్లతో దిగి, పంగలకర్రలు పట్టుకొని మా గడ్డి తిరగేసింది. సారు కూడా ఒక కర్ర పట్టాడు. పొద్దు వాలే ముందే గడ్డి గలగలమంది, మోసి మా కొట్టంలో కూడా వాళ్లే వేశారు.

బర్రెలు పొగ వాసనకు మూతి తిప్పుకున్నాయి. మా అత్త ఉప్పునీళ్లు చల్లి ముందర వేసింది. చూడిది కాసేపు మూచూసి, ఒక పోచ లాగింది, తర్వాత ఇంకోటి. ఆ సగం వానల దాకా రాదు. పక్క ఇళ్లవాళ్లు తలా ఒక మోపు తెచ్చి వేశారు, అట్లా గడుపుతున్నాం.

మొన్న పాలు పోయడానికి పోతే సారు మంచిగానే పలకరించాడు. వచ్చే ఏడు వామును కొంచెం దూరంగా వేసుకోమన్నాడు.

“అవ్ సార్,” అన్నాను. “మీ బండికి దూరంగనే ఏస్తం.”