నల్లతాడు కట్టిన టర్బో

నరసరావుపేటలో మెకానిక్ షెడ్లకు రేకు బోర్డులుంటాయి, ఫ్లెక్సీ బోర్డులుంటాయి, గోడ మీద బ్రష్షుతో రాసిన పేర్లుంటాయి. రాతి బోర్డు ఉన్నది ఒక్క బ్రహ్మాజీ షెడ్డుకే. రెండడుగుల దుర్గి రాయి మీద ‘బ్రహ్మాజీ మోటార్ వర్క్స్’ అని, గుళ్లో దాతల పేర్లు చెక్కినంత శ్రద్ధగా చెక్కి ఉంటుంది. చెక్కినవాడు వాళ్ల నాన్న. దుర్గిలో నలభై ఏళ్లపాటు నందుల్నీ నాగప్రతిమల్నీ చెక్కిన ఆ పెద్దమనిషి కొడుకు షెడ్డు పెట్టాక చివరగా ఉలి పెట్టింది ఈ రాయి మీదే. దాన్ని గోడకి అతికించిందీ తనే. ఉలి జారి విగ్రహానికి కాస్త పెచ్చు లేచిందంటే, కొనేవాడు పర్లేదని మొత్తుకుంటున్నా వినకుండా, సుత్తి తీసుకుని దాన్ని తనే పగలగొట్టేవాడు. బ్రహ్మాజీ పన్నెండో ఏట చెక్కిన బుల్లి నందికి ఒక చెవి వంకరపోయింది. దానికీ అదే గతి పట్టింది. మర్నాడే బ్రహ్మాజీ మాచర్ల వైపు వెళ్తున్న క్వారీ లారీ ఎక్కేశాడు.

ఆ విధంగా బ్రహ్మాజీకి ఉలి అబ్బలేదు. కోపం మాత్రం ఏ లోటూ లేకుండా అబ్బింది.

ఇప్పుడు ఆయనకు యాభై రెండేళ్లు. కోపానికి వేళలున్నాయి. పొద్దున విడిభాగాలు తయారుచేసిన వాళ్ల మీద, మధ్యాహ్నం బండ్ల యజమానుల మీద, సాయంత్రం ప్రభుత్వం మీద. ఆదివారం షెడ్డు మూసి ఉంటుంది కాబట్టి ఇంట్లో భార్య నాగలక్ష్మి మీద కోప్పడటానికి ప్రయత్నిస్తాడు. ఆవిడ టీవీ సౌండు పెంచుతుంది. మిగిలిన కోపం సోమవారానికి జమ.

క్వారీ లారీల దగ్గర ఆయన నేర్చుకున్న విద్యలు రెండు. ఒకటి ఇంజను విప్పి బిగించడం. రెండోది నల్లతాడు. లోకమంతా దిష్టితాడు బంపరుకి కడుతుంది. బ్రహ్మాజీ గురువు మాత్రం ఇంజనుకే కట్టాలనేవాడు, జనం కళ్లు పడేది బంపరు మీద కాదు, పికప్పు మీద అని. అందుకని బ్రహ్మాజీ చేతిలో పడిన ప్రతి ఇంజనుకీ ఏడు పోగుల నల్లతాడు, పసుపు రాసి, లాగి, మూడు ముడులతో బిగుస్తుంది. ముప్పై ఏళ్లుగా వందలాది లారీలకు కట్టాడు. లారీ ఇంజనులో మోచేయంత ఇనుప గొట్టాలుంటాయి. వాటికి తాడు కట్టినా, కట్టకపోయినా తెలియదు.

ఇట్లా ఉండగా పెదకూరపాడు పక్క పల్లె నుంచి పిచ్చియ్య దిగాడు. మిరప రైతు. సర్పంచిగా రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడినా, నడక మాత్రం గెలిచినవాడిదే. ఆయనకు ఇరవై రెండేళ్ల నాటి చిన్న కారొకటి ఉంది. కిందటేడు బంధువుల్ని ఎక్కించుకుని కొండవీడు కోట చూపిస్తానని బయలుదేరితే, ఘాట్ రోడ్డు మధ్యలో అది ఆయాసపడి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆయన మీద గెలిచిన సర్పంచి తన బండిలో, హారను కొట్టుకుంటూ పక్కనుంచి వెళ్లాడు. పిచ్చియ్యకు ఓటమి కంటే ఆ హారను ఎక్కువ బాధపెట్టింది.

“ఇంకో బండి కొనుక్కో పిచ్చియ్యన్నా,” అన్నాడు బ్రహ్మాజీ.

“నామినేషన్‌కి నాతో వచ్చిన బండిరా ఇది. దీంతోనే ఎక్కాల,” అని పిచ్చియ్య ట్రాక్టరు ట్రక్కులో తెచ్చిన మూట విప్పించాడు. లోపల టర్బో డీజిల్ ఇంజను. ఎక్కడో వెనకభాగం నుజ్జయిన కొత్త మోడల్ బండిలోది. “దీన్ని దాంట్లో పెట్టు. నీకు రాదంటే చెప్పు, గుంటూరు పోతా.”

గుంటూరు అన్న మాట వినగానే బ్రహ్మాజీ సంతకం చేసినట్టే.

నలభై రోజులు పట్టింది. ఇంజను కూర్చునే దిమ్మెలు కోసి వెల్డింగు చేశారు. పక్క షెడ్డు ఆటో ఎలక్ట్రీషియన్ అబ్దుల్ హమీద్ వైరింగు చేశాడు. రవాణా ఆఫీసు కాగితాలది వేరే పురాణం, అది మొదలుపెడితే ఇంజను కథ వచ్చే ఏడుకి గానీ స్టార్టవదు. చివరికి ఇంజను కూర్చుంది. కొత్తకాలపు ఇంజను కదా, ఒళ్లంతా ప్లాస్టిక్ మూతలు. తాడు కట్టడానికి చోటు వెతికి వెతికి, మూత పక్కన బయటికి కనిపిస్తున్న చిటికెనవేలంత రబ్బరు గొట్టానికి కట్టాడు బ్రహ్మాజీ. మూడు ముడులు. కళ్లకద్దుకున్నాడు.

షెడ్డులో యాక్సిలరేటరు తొక్కి రేజింగు చేస్తే బండి పులిలా గర్జించింది. పిచ్చియ్య మీసం తిప్పాడు. పిచ్చియ్య, ఆయన బావమరుదులు ఇద్దరు, బ్రహ్మాజీ, హమీద్, మొత్తం ఐదుగురూ ఇరుక్కుని కొండవీడు బయలుదేరారు. ఘాట్‌లో నాలుగు మలుపులు ఎగిరినట్టు ఎక్కింది. ఐదో మలుపులో నల్లపొగ కక్కి, పుల్లింగ్ పోయి, నిలబడింది.

“నా పాత ఇంజనే నయం. ఆగితే ఆగింది గానీ ముఖాన మసి పుయ్యలా,” అన్నాడు పిచ్చియ్య.

బ్రహ్మాజీ ఆ సాయంత్రం ప్రభుత్వాన్ని వదిలేసి హమీద్ మీద పడ్డాడు. “నీ వైరింగే! ఏ తీగ ఏడ పెట్టావో నీకన్నా గుర్తుందా?”

“నా వైరింగు స్కానర్‌కి చూపించా. టర్బో గాలి చాల్లేదంటంది,” అన్నాడు హమీద్, టీ ఊదుకుంటూ.

టర్బో అంటే ఇంజను వదిలే పొగతో తిరిగే ఫ్యాను. అది ఇంజనులోకి గాలి దట్టిస్తేనే బలం. గాలి ఎక్కడ పోతోందో తేల్చడానికి బ్రహ్మాజీ లావుపాటి గాలిగొట్టాలన్నీ విప్పి, సబ్బునీళ్లు పూసి చూశాడు. బుడగ రాలేదు. గాలి ఫిల్టరు మార్చాడు. డీజిల్ ఫిల్టరు మార్చి, డీజిల్ అమ్మిన బంకువాడి వంశాన్ని రెండు తరాల దాకా స్మరించాడు. టర్బో విప్పి ఫ్యాను వేలితో తిప్పితే బొంగరంలా తిరిగింది. షెడ్డులో స్టార్టు చేస్తే మళ్లీ పులే. ఇక లోపం యంత్రానిది కాదు, హారను కొట్టిన సర్పంచి కళ్లది అని తేల్చుకున్నాడు. మొదటి తాడు పక్కనే రెండో తాడు కట్టాడు.

రెండోసారి మూడో మలుపులోనే ఆగింది.

ఈసారి షెడ్డు ఎదుటి టీ కొట్టు దగ్గర పదిమంది ఉన్నారు. “బ్రహ్మాజీ, గుంటూరు ఎంత దూరం?” అని అడిగాడు పిచ్చియ్య, అసలు తెలియనివాడిలా.

బ్రహ్మాజీ గ్లాసు నేలకేసి కొట్టాడు. అది ప్లాస్టిక్‌ది కావడంతో ఎగిరి పిచ్చియ్య చెప్పు దగ్గర పడింది. “ఇయ్యాళ చెప్తన్నా, అందరూ ఇనండి! ఇందులో నా చేతి తప్పు వెంట్రుకంత ఉన్నా, మా నాన్న చెక్కిన ఆ రాయి నా చేత్తోనే పీకేస్తా. ఇక బోర్డు పెట్టను. స్పానరు పట్టను!”

“అంత మాటెందుకన్నా,” అన్నాడు హమీద్.

“నీకేందిరా, నీకు బోర్డే లేదు!”

ఆ రోజు నుంచి పది రోజులు ఆ షెడ్డు పక్కనుంచి కుక్క కూడా వెళ్లలేదు. బ్రహ్మాజీ ఇంజను అమ్మినవాడికి ఫోన్ చేసి తిట్టాడు. వాడు కట్ చేస్తే మళ్లీ చేసి, కట్ చేసినందుకు తిట్టాడు. పిచ్చియ్యను క్లచ్ తొక్కే పద్ధతి మీద తిట్టాడు. బావమరుదుల్ని బరువు మీద తిట్టాడు. ఇంజను సగం విప్పి మళ్లీ బిగించాడు. ప్రతి పొద్దున పని మొదలుపెట్టే ముందు బానెట్ ఎత్తి, రెండు నల్లతాళ్లనీ వేలితో తాకి, కళ్లకద్దుకునేవాడు. పదో రోజు మూడో తాడు కూడా కట్టి, పళ్లతో లాగి బిగించాడు.

మూడోసారి మొదటి మలుపు కూడా దాటలేదు.

ఎండ మాడుతోంది. బావమరుదులు దిగి నీడ వెతుక్కున్నారు. ఇంజను పొగలు కక్కుతోంది. బ్రహ్మాజీ ఎవర్నీ తిట్టకుండా బానెట్ ఎత్తి, జేబులోంచి నాలుగో నల్లతాడు తీశాడు. ఆయన తిట్టకపోవడం చూసి హమీద్ భయపడి పక్కన నిలబడ్డాడు. నిలబడి చూశాడు కాబట్టి అది కనిపించింది.

“అన్నా, ఆగు. చెయ్యి తియ్యి.”

“ఏంది?”

“తాడు కింద చూడు.”

చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండే ఆ చిన్న రబ్బరు గొట్టం, ఇంజను కాగేసరికి మెత్తబడి, తాళ్ల కింద నమిలేసిన చెరుకుపిప్పిలా అణిగిపోయి ఉంది. టర్బోకి ఎప్పుడు, ఎంత గాలి దట్టించాలో చెప్పేది ఆ గొట్టమే. దాని గొంతు నులిమింది ఏడు పోగుల నల్లతాడు. ఒక తాడుకి ఐదో మలుపు, రెంటికి మూడోది, మూడింటికి మొదటిది.

హమీద్ మెల్లగా అన్నాడు. “షెడ్డులో ఇంజను కాగేలోపే ఆపేసేవాళ్లం గదన్నా. చదును రోడ్డు మీద టర్బో గాలి అంత అక్కర్లా. అందుకే దొరకలా.”

బ్రహ్మాజీ ముఖంలోంచి కోపం పోయింది. ఒక్క నిమిషమే. కత్తి తీసి మూడు తాళ్లూ కోశాడు. నలిగిన ముక్క కోసేసి, మిగిలిన గొట్టాన్ని లాగి తొడిగాడు. బానెట్ ధడేల్మని వేశాడు. “ఎక్కండ్రా!”

బండి ఎక్కింది. ఐదో మలుపు దాటి, పైన కోట ముఖద్వారం దాకా, ఏసీతో సహా ఎక్కింది. పిచ్చియ్య పైకి చేరినా హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. అవతల వినడానికి సర్పంచి లేకపోయినా, ఏడాది బాకీ ఆ కొండకే తీర్చేశాడు. బండి దిగి బ్రహ్మాజీని కౌగిలించుకోబోయాడు.

“ఎక్కిందిగా! ఇక ఆ రాయి జోలికి పోమాక. ఎవురికీ చెప్పంలే.”

“ఎక్కింది బండి. తప్పు ఎవుడిది?” అని అరిచాడు బ్రహ్మాజీ. “నలభై రోజులు బిగించి, నెల రోజులు మిమ్మల్ని తిట్టా. ఒక్కడన్నా ఎదురు తిరిగి ఆ తాడేందిరా అని అడిగాడా?”

“అడిగితే ఊరుకునేవాడివా?” అన్నాడు హమీద్.

బ్రహ్మాజీ బండెక్కి కూర్చున్నాడు. ఇంతకాలం తిట్టడానికి ఎవరో ఒకరు దొరికిన మనిషికి, ఇప్పుడు ఎవరూ దొరకలేదు. దారి పొడుగునా కిటికీలోంచి మిరప చేలని కోపంగా చూస్తూ వచ్చాడు.

షెడ్డుకి రాగానే గునపం తీసుకుని స్టూలెక్కాడు. టీ కొట్టు జనం పోగయ్యారు. నాగలక్ష్మి అన్నం క్యారేజీతో వచ్చి, చూసి, “దిగండి, నడుం పట్టుద్ది,” అంది. దిగలేదు. గంటసేపు సిమెంటు పొడుస్తూ, ఇంత గట్టిగా అతికించినందుకు నాన్ననీ తిట్టాడు. చివరికి రాయి కదిలింది. హమీద్, తను చెరో అంచు పట్టి కిందికి దించి, గోడకి ఆనించారు.

రాయి వెనక కూడా అక్షరాలున్నాయి.

అదే పేరు, అదే శ్రద్ధ. ‘బ్రహ్మాజీ మోటార్ వర్’ దాకా నున్నగా ఉంది. చివరి అక్షరం దగ్గర ఉలి జారి చారెడు పెచ్చు లేచిపోయింది. ముసలాయన పగలగొట్టలేదు. రాయిని తిరగేసి, మొత్తం పేరు మళ్లీ మొదట్నుంచి చెక్కాడు. తప్పు గోడలో దాచి, సిమెంటు పెట్టి, ఎవరికీ చెప్పకుండా పోయాడు.

బ్రహ్మాజీ ఆ పెచ్చు అంచు వెంట బొటనవేలు పోనిచ్చాడు. తర్వాత షెడ్డు కప్పు ఎగిరిపోయేలా అరిచాడు.

“నా నంది చెవి వంకరపోతే మాత్రం పగలగొట్టావే, ముసలోడా!”

పాతికేళ్లుగా ఆయన కోపాన్ని వింటున్న వీధికి ఇంత గట్టిగా ఎప్పుడూ వినపడలేదు. నాగలక్ష్మి క్యారేజీ కిందపెట్టి, కొంగుతో రాయి మీద దుమ్ము తుడిచింది.

సాయంత్రానికి రాయి మళ్లీ గోడెక్కింది. పెచ్చు లేచిన వైపు బయటికి, నున్నటి వైపు లోపలికి.

“ఒట్టు తీర్చినట్టా, తీర్చనట్టా?” అని అడిగాడు పిచ్చియ్య.

“పీకుతానన్నా, పీకా. మళ్లీ పెట్టనన్న మాట తప్పా. ఇంకో తప్పు. కనపడేట్టే పెట్టా, చూడు,” అన్నాడు బ్రహ్మాజీ.

నల్లతాడు మానలేదు. ఇప్పుడు బంపరుకే కడతాడు, ఒక్క ముడి, వదులుగా. మొన్నొక కుర్ర డ్రైవరు పైకి చూసి, “మీ బోర్డు పగిలిందండీ,” అన్నాడు. “పగిలింది నా బోర్డు. నీ బండికేమైందో అది చెప్పి చావు!” అన్నాడు బ్రహ్మాజీ, బానెట్ ఎత్తుతూ.